మలుపు దాకా నడక

మొగుడితో వేగడం ఆ కుట్టుపని ఆవిడకి కొత్తేమీ కాదు. కానీ వీధి పిల్లలు కూడా ఆయన్ని హారన్ తాత అని పిలవడం మొదలుపెట్టాక మాత్రం ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆయన రిటైరైన రైలు డ్రైవరు. ఉద్యోగంలో సగం కాలం బండి నడిపిన బ్రాంచి లైను వాళ్ళింటి వెనకనుంచే పోయేది. ఎక్కే జనం లేరని దాన్ని మూసేశారు. పట్టాలు పీకేసి, నున్నగా తారు పోసి, మధ్యన తెల్లగీత గీసి, అక్కడక్కడా బెంచీలు వేశారు. ఇప్పుడు తెల్లారితే ఊరంతా అక్కడే. సైకిళ్ళు తొక్కేవాళ్ళు, ఒళ్ళు తగ్గాలని పరిగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, కుక్కలు తిప్పితే తిరిగేవాళ్ళు.

డాక్టరమ్మ ఆయన పాదం అటూ ఇటూ తిప్పి చూసి, పెరటి తలుపు తీస్తే అంత మంచి దారి పెట్టుకుని ఇంట్లో కూర్చోవడమేమిటని కేకలేసింది. షుగరు వల్ల కాళ్ళకి రక్తం సరిగా అందడం లేదట. రోజూ పాత పంపుహౌసు దాకా నడిచి రావాలట. లేకపోతే ఇవాళ వేలు, రేపు పాదం తీసెయ్యాల్సి వస్తుందని మొహమాటం లేకుండా చెప్పింది. అది విన్న దగ్గర్నుంచీ ఆవిడకి కంటిమీద కునుకు లేదు. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

వెళ్ళడం వెళ్తాడు. కానీ అక్కడ చేసేది నడక కాదు, కాపలా. తాను అంచున గడ్డిలో పోతూ, తారు మీద నడిచేవాళ్ళనల్లా తప్పుకోండి తప్పుకోండి అని అదిలిస్తాడు. లైను మీద నడుస్తారా, బుద్ధి లేదా అంటాడు. లైనెక్కడుంది బాబాయ్ అని ఎవరో అడిగితే వాళ్ళతో పోట్లాట. ఆ ఫిర్యాదులన్నీ కుట్టుమిషను దగ్గరికే వస్తాయి. ప్యాంటు కురచ చేయించుకోడానికి వచ్చినవాళ్ళు కొలతలకన్నా ముందు ఆయన సంగతే ఎత్తుతారు.

పోనీ పూర్తిగా నడుస్తాడా అంటే అదీ లేదు. పొయ్యి మీద పాలు పొంగేలోపు ఇంట్లో ఉంటాడు. పంపుహౌసుకి ఇవతల ఒక మలుపుంది, అక్కడికి రాగానే గిరుక్కున తిరిగొచ్చేస్తాడని పక్కింటి టీచరమ్మ చెప్పింది. నిలదీస్తే ఒకరోజు చెప్పు కరుస్తోందన్నాడు, ఒకరోజు ఎండెక్కిందన్నాడు, ఇంకోరోజు అటువైపు పిచ్చికుక్క ఉందన్నాడు. ఏదీ ఆ కుక్కని చూపించండి అంటే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఈలోగా పాదం తిమ్మిరి చీలమండ దాకా పాకింది. చెప్పీ చెప్పీ ఆవిడ నోరు పడిపోయింది గానీ, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఒక ఉదయం ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసి తనూ బయల్దేరింది. దారి పొడుగునా ఆయన ఎవర్నో ఒకర్ని అదిలిస్తూనే ఉన్నాడు, ఆవిడ వాళ్ళకి సర్ది చెబుతూనే ఉంది. మలుపు రానే వచ్చింది. ఆయన ఆగి, చెప్పు కరుస్తోందన్నాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రేపు ఆ కాలు తీసేస్తే మిమ్మల్ని మోసుకు తిరగాల్సింది నేనండీ. మీరు రాకపోతే పోనివ్వండి, నేనే వెళ్ళొస్తాను," అని తెల్లగీత మీదే విసవిసా ముందుకి నడిచింది.

వెనకనుంచి ఒక కేక. అది తిట్టు కాదు, మాటా కాదు. దారిలో ఉన్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. జన్మలో ఆయన మాట విని ఎరగని ఆవిడ ఒక్క గెంతున గడ్డిలోకి దూకింది. తిరిగి చూస్తే ఆయన తారు మీద కూలబడి ఉన్నాడు. తిడదామనుకుంటూనే దగ్గరికి పరిగెత్తింది.

"తప్పుకున్నావు," అన్నాడు, నమ్మలేనట్టు.

"అంతలా అరిస్తే తప్పుకోనా?"

"ఆ రోజు ఆ పిల్ల తప్పుకోలేదు. ఇక్కడే, పట్టాల మధ్యన. హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు నేను. ఆ పిల్ల వెనక్కి తిరిగి కూడా చూడలేదు. వినపడలేదో, వినకూడదనుకుందో. బ్రేకు వేశాను. బండి పక్కకి జరగదుగా."

ఎప్పుడో ఒకసారి డ్యూటీ నుంచి వచ్చి, జ్వరమని మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడన్నమాట. తను మాత్రలు మింగించి, మనిషికి ఇంత నీరసమేమిటని విసుక్కుంది. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని తనకి చెప్పనందుకు ఆవిడకి ముందు ఒళ్ళు మండింది, ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఇంక నడక వద్దు, ఇంటికి పోదాం పదండి అంది.

ఆయన లేచి, ఆవిడ భుజం పట్టుకుని, ఇంటివైపు కాకుండా మలుపులోకి అడుగు పెట్టాడు. నాలుగడుగులు పోయేసరికి ఎదర ఒక అమ్మాయి, వీళ్ళకి వీపు పెట్టి, దారికి సరిగ్గా మధ్యలో మెల్లగా నడుస్తోంది. భుజం మీద ఆయన చెయ్యి బిగుసుకుంది. మళ్ళీ అరుస్తాడు, మళ్ళీ గొడవ, అనుకుంది ఆవిడ.

ఆయన అరవలేదు. ఒక పక్కకి జరిగి, ఆ అమ్మాయిని దాటుకుని ముందుకి వెళ్ళాడు.