రేపల్లె రైల్లో ఒక సర్వే

ఈ ఉదయం రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లో, ట్యాబ్ పట్టుకుని ఎన్నికల సర్వే చేస్తున్న ఒకతను నా ఎదుట చేపల గంపతో కూర్చున్న ఆవిడను మీ ఊళ్లో పెద్ద సమస్య ఏమిటని అడిగాడు.

"ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసకతో పూడిపోయింది. పడవలు సముద్రంలోకి పోవట్లేదు. ఈ చేపలూ కొనుక్కొచ్చినవే," అన్నదామె.

అతను "చెప్పలేను" అన్నచోట నొక్కాడు. ఆమె చూసింది.

"చెప్పాను కదయ్యా, చెప్పలేను అని నొక్కావేంటి?"

"లిస్టులో రోడ్లు, ధరలు, ఉద్యోగాలే ఉన్నాయి పిన్నీ. మిగతావన్నీ దాంట్లోనే వేయమన్నారు."

"అయితే నాది తీసెయ్. మాట రానిదాని కింద నన్ను రాయమాక."

"తీసేస్తే నా టార్గెట్ తగ్గుద్ది పిన్నీ."

"తగ్గనీ. మాకు వేటే లేదు."

అతను తీసేసేదాకా ఆమె ట్యాబ్ మీద నుంచి చూపు తిప్పలేదు.

"చెప్పలేను" అన్నవారిని ఇన్నేళ్లూ నేను "ఎటూ తేల్చుకోని ఓటర్లు" అని వార్తల్లో రాశాను. ప్రశ్నల జాబితా చూడకుండా ఇకమీదట ఏ సర్వే వార్తా రాయను. మా పత్రిక డెస్కు వాళ్లు ఏమన్నా అననివ్వండి. మీ ఊరి సమస్య ఏమిటో కింద కామెంట్లలో మీ మాటల్లోనే రాయండి. నేను రేపు ఆ మొగ దగ్గరికి వెళ్తున్నాను.