ఓవెన్ వెనక ఊరమిరపకాయలు

మా ఆయన రిటైరయ్యాక నలుగురు మగవాళ్లలాగే పెరట్లో మొక్కలు పెంచుతాడనో, పేపరు చదువుతూ నా వంటకి వంకలు పెడతాడనో అనుకున్నాను. ఆయన ఏకంగా ఇంకో ఇల్లు తెచ్చాడు, అదీ చక్రాల మీద. మలయ్ దేశంలో మేముండే క్లాంగ్ ఊళ్లో, మా గేటు ముందు ఒక పాత మోటర్‌హోమ్ ఆపి, పెళ్లికొడుకులా కిందికి దిగి నా వంక చూశాడు. లోపల మంచాలు, సింకు, మనిషి అటూ ఇటూ తిరగలేని బాత్రూము, గోడలో బిగించిన కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్. నాకు ఒళ్లు మండింది. ఉన్న ఇల్లు తుడవలేక చస్తుంటే ఇది కూడానా అన్నాను.

ఆశ్చర్యమంతా మా అత్తతోనే వచ్చింది. మామయ్య పోయాక ఆవిడ గడప దాటడం మానేసింది. పెళ్లికి పిలిస్తే కాళ్ల నొప్పులు, గుడికి రమ్మంటే కళ్లు తిరగడం. ముందుగదిలో కుర్చీ, టీవీలో తమిళ సీరియళ్లు, వాటి మధ్య ప్రకటనలు వచ్చినప్పుడు నా మీద అజమాయిషీ. అలాంటి మనిషి ఆ సాయంత్రం చెప్పులేసుకుని బయటికి వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపలికి తొంగి చూసింది.

"వంటిల్లు ఉన్నాదేటి?"

"ఉన్నాది అత్తా," అన్నాను.

"పాయిఖానా?"

"అదీ ఉన్నాది."

"అయితే నానూ వస్తాను లా," అంది, ఇక్కడి అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి. వెంటనే మొహం గంభీరంగా పెట్టి, "ఒక్క మాట. నా వల్ల మీకు ఇబ్బందైతే ఎవులూ సెప్పక్కర్లేదు. నానే తెలుసుకుని దిగిపోతాను," అంది.

ఇల్లన్నాక పాలు పొంగించాలని పట్టుబట్టింది కూడా ఆవిడే. బండిలో గ్యాస్ ఇంకా పెట్టలేదు. అందుకని గిన్నెలో పాలు పోసి ఆ మైక్రోవేవ్‌లోనే పెట్టాం. పాలు పొంగాయి, ఓవెనంతా పారాయి. ఆవిడ చేతులు జోడించి దణ్ణం పెట్టింది, నేను గుడ్డ పట్టుకుని తుడిచాను. మా గృహప్రవేశం అలా అయింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఇంట్లో మా అత్తకీ నాకూ ఉప్పూ నిప్పూ. సాంబారులో చింతపండు దగ్గర్నుంచి కర్టెన్ల రంగు దాకా ఏదీ కలవదు. బండి ఎక్కితే మాత్రం ఆవిడ వేరే మనిషి. తోటల మధ్య రోడ్డు మీద పోతుంటే చిన్నప్పుడు రబ్బరు ఎస్టేటులో చేసిన అల్లరి చెప్పేది, దొరగారి కుక్కకి భయపడి కాలవలో దూకిన కథ చెప్పేది, నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బండిలోని అత్త నాకు తెగ నచ్చింది. ఎప్పుడెప్పుడు కొత్త ఊరు చూస్తానా అని కాకుండా, ఎప్పుడెప్పుడు అత్తతో బయల్దేరతానా అని చూసేదాన్ని. ఈ మాట ఆవిడకి మాత్రం చెప్పలేదు.

ఆ ఓవెన్ మీద కూడా నాకు మోజు పెరిగింది. కోడిని మసాలా పట్టించి కన్వెక్షన్‌లో, అంటే వేడిగాలి మీద, పెడితే చర్మం కరకరలాడుతూ వచ్చేది. వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒకటి కాల్చకుండా ఉండలేకపోయాను.

ఒకసారి కువాలా సెలంగోర్ వెళ్లాం. నది దగ్గర, పామాయిల్ తోటల పక్కన, బళ్లు ఆపుకునే చోటు ఒకటుంది. కరెంటు ప్లగ్గూ నీళ్లూ ఇస్తారు. మా పక్కన ఒక మలయ్ దంపతుల బండి. అత్త మడతకుర్చీ వేసుకుని ఆ మక్‌చిక్‌తో, అంటే ఆ ఇంటి పెద్దావిడతో, అప్పుడే చుట్టరికం కలిపేసింది. నేను కోడిని ఓవెన్‌లో పెట్టాను.

కాసేపటికి ఘాటు వచ్చింది. మసాలా ఎక్కువైందేమో అనుకుని దగ్గాను. తరవాత ప్లాస్టిక్ కమురు వాసన మొదలైంది. మా ఆయన ఒక్క గెంతులో వచ్చి స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేశాడు. ఓవెన్ చల్లారాక మరలు విప్పి దాన్ని బయటికి లాగాడు.

వెనకున్నది ప్లైవుడ్ పలక. పైనున్న తెల్ల పొర బొబ్బలెక్కింది. దాని కింద చెక్క మాడిన అప్పడం రంగులో ఉంది. పక్కనుంచి పోయే వైరు తొడుగు మెత్తబడి పలకకి అంటుకుపోయింది. ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూసిన మనిషి మా ఆయన. ఆయన మొహం పాలిపోయింది.

"ఇంకొన్నాళ్లు ఇలాగే వాడుంటే బండి అంటుకునీది," అన్నాడు. "వేడిగాలి బయటికి పోలేదు. ఎందుకు పోలేదో?"

ఆ పలకకి పైన గాలి పోవడానికి రంధ్రాలున్నాయి. ఆ గాలి పలక వెనకున్న చిన్న అరలోకి పోయి, అక్కణ్ణుంచి బండి గోడకున్న జాలీలోంచి బయటికి పోవాలి. ఆ అర తలుపు అత్త మంచం వైపు ఉంది. వెళ్లి తీశాను. పాత చీర ముక్కల్లో కట్టిన మూటలు, ఒకదాని మీద ఒకటి, రంధ్రాలకి అడ్డంగా కుక్కి ఉన్నాయి. విప్పితే మజ్జిగలో ఊరేసిన మిరపకాయలు, అడుగువి నల్లగా వేగిపోయి.

నాకు అర్థమైంది. ఈ దేశంలో ఎండ కాసినంతసేపు కాస్తుంది, ఇంతలో వాన వచ్చి అన్నీ నానబెడుతుంది. ఎస్టేటు రోజుల్లో మా వాళ్ల ఆడవాళ్లు రబ్బరు షీట్లు పొగబెట్టే షెడ్డు గోడకి మూటలు ఆనించి మిరపకాయలు ఆరబెట్టుకునేవారట. ఎక్కడ వెచ్చని గోడ కనబడితే అక్కడ మూట పెట్టడం అత్తకి పుట్టుకతో వచ్చిన బుద్ధి. బండిలో వెచ్చని అర దొరికితే వదులుతుందా!

"ఆ అర కాళీగా ఉంచాలని బండి అమ్మినాయన సెప్పినాడు," అన్నాడు మా ఆయన, తల గోక్కుంటూ.

"ఎవులికి సెప్పినాడు?"

"నాకే."

"నువ్వు మాకెప్పుడు సెప్పినావు?"

ఆయన స్క్రూడ్రైవర్ వంక దీక్షగా చూడసాగాడు.

ఆయన సంగతి తరవాత చూద్దామని మూట పట్టుకుని విసవిసా బయటికి వచ్చాను. అడిగేద్దామనే వచ్చాను. అత్త చిన్న పొయ్యి మీద, అంతకుముందే ఆరిన మిరపకాయలు వేయించి, మక్‌చిక్ పళ్లెంలో వేస్తోంది. ఆవిడ ఒకటి కొరికి "సెడాప్!" అని లొట్టలేసింది. అత్త మొహం వెలిగిపోయింది. ఈ బండిలోనే ఆరబెట్టానని, మా కోడలి ఓవెన్ పుణ్యమేనని, మలయ్‌లో గొప్పలు పోతోంది. ‘మా కోడలు’ అన్న మాట ఆవిడ నోట అంత ముద్దుగా నేనెప్పుడూ వినలేదు. నా కాళ్లు ఆగిపోయాయి. చెబితే ఈవిడ దిగిపోతుంది. మళ్లీ ఆ కుర్చీ, ఆ సీరియళ్లు, నాకు మళ్లీ ఆ ఇంట్లో అత్త. మూటని నైటీ జేబులో కుక్కుకుని వెనక్కి తిరిగాను.

ఓవెన్ పాతదైపోయింది, అందుకే కాలిందని చెబుదామని నేనూ ఆయనా గుసగుసలాడుకున్నాం. ఆ రాత్రి ఆవిడ అర తెరిచి, "నా మూటలేవి?" అంది. దొంగమాటలు నాకు చేతకావు, అదే నా ఖర్మ.

"కోతులొచ్చినాయి అత్తా," అన్నాను.

"కోతి తలుపు తీసి, మూటలట్టుకెళ్లి, మళ్లీ తలుపేసిందేటి?"

"ఇక్కడి కోతులకి తెలివెక్కువ," అన్నాడు మా ఆయన.

అత్త మా ఇద్దర్నీ చూసింది, కాలిన వాసన పీల్చింది, దుప్పటి కప్పుకుని పడుకుంది.

క్లాంగ్ వచ్చాక మా ఆయన మాడిన పలక తీసేసి, వేడికి తట్టుకునే కొత్త పలక వేసి, దానికి అల్యూమినియం రేకు బిగించాడు. వైరు మొత్తం మార్చాడు. వేడిగాలి నేరుగా బయటికి పోయేలా గొట్టం పెట్టాడు. అత్త కిటికీలోంచి అంతా చూసింది, ఒక్క ప్రశ్న అడగలేదు. నోరు తెరిస్తే మూయని మనిషి అలా ఉంటే నాకు భయమేసింది.

తరవాతి ప్రయాణం రోజు బండి గేటు ముందు ఆగింది. అత్త రాలేదు. లోపలికి వెళ్లాను. మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంది.

"మీరు ఎల్లండి," అంది. "ఆ కాలిన సెక్క నాను సూసినాను. కోతి నానే. ముసల్దాన్ని, నిద్దట్లో మిమ్మల్ని కాల్సేసినా కాల్సేద్దును. నాను రాను."

నచ్చజెప్పాలని మెల్లగానే మొదలుపెట్టాను. తప్పు మీ అబ్బాయిదన్నాను, ఇప్పుడంతా బాగు చేశాడన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది.

"అయితే నానూ రాను!" అని అరిచాను. "ఆయన్ని ఒక్కడినే పొమ్మను. నువ్వు లేని బండి నాకెందుకు? నీ కోసమే ఎక్కుతన్నాను. నువ్వు కతలు సెప్తే నవ్వుకోడానికే ఎక్కుతన్నాను. నువ్వంటే నాకిష్టం అత్తా, ఇంకేటి సెప్పమంటావు?"

అరుస్తూనే ఏడ్చేశాను.

"ఇన్నేళ్లూ ఇంట్లో ఒక్కసారీ ఈ మాట అన్నేదేటే?" అంది అత్త.

"ఇంట్లో నువ్వు నన్ను నోరెత్తనిస్తే కదా!"

ఆవిడకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చీర చెంగుతో ముందు నా కళ్లు తుడిచింది, తరవాత తనవి. సంచి నా చేతిలో పెట్టి, నా భుజం పట్టుకుని లేచింది.

"పద పద, నీ మొగుడు హారన్ కొట్టేస్తన్నాడు," అంది. "ముందు సీట్లో నువ్వూ నానూ కూకుందాం. ఆడు ఎలాగూ డ్రైవరే కదా."