చాటలో గీసిన ఆఫ్రికా

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో, మా ఇంటి ముందుగదిలో ఒక ఆఫ్రికా సారు కిరాయికి ఉండేవాడు. జాంబియా దేశంలో రాగి గనులున్న ప్రావిన్సు ఆయనది. అక్కడ వ్యవసాయ శాఖలో ఉద్యోగం. జొన్న విత్తనాల పని నేర్చుకోవడానికి ఇటు వచ్చాడు. మా నానమ్మ చేతి జొన్నరొట్టె తింటూ ఆమె దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. అందుకే ఆయన తెలుగులో సగం తిట్లుండేవి.

ఆ ఏడు బడిలో ఏదైనా పరాయి దేశపు ప్రాంతం గురించి రాసుకురమ్మన్నారు. పని తప్పించుకునే తెలివి నాకు బాగానే ఉండేది. ఆ ప్రాంతమే మా ముందుగదిలో ఉంటే అట్లాసు వెతకడం దేనికని ఆయన్నే అడిగాను. ఆయన వచ్చి, నానమ్మ జొన్నలు చెరుగుతున్న చాట ముందు కూర్చున్నాడు. గింజలు జరిపి పైన కాంగో సరిహద్దు, నడుమ కఫూయె నది, పక్కన పెద్దాఫీసులుండే ఎన్డోలా పట్టణం చూపించాడు. అన్నీ రాసుకుని, బతుకుజీవుడా అని లేవబోయాను.

ఆ మర్నాడే మా తాతయ్య భూమంతా ఒక ఫ్యాక్టరీకి రాసివ్వబోతున్నాడు. నాన్నకూ చిన్నాన్నకూ అందులోనే ఉద్యోగాలిస్తామన్నారు. నానమ్మకు ఇష్టం లేదు. ఆమెను అడిగినవాళ్లూ లేరు.

లేవబోతున్న నన్ను ఆపి, సారు నా చేతిలో కొన్ని గింజలు పోసి, "రేపటిసంది మీ ఇంట్ల ఎవరి బువ్వ ఏడికెల్లి వస్తదో ఆడ ఒక్కో గింజ పెట్టు" అన్నాడు. చాటలో ఒక మూలను ఫ్యాక్టరీ అనుకుంటే, అందరి గింజలూ ఆ మూలకే చేరాయి. తమ దగ్గరా ఇంతేనన్నాడు. చేలు వదిలి జనం గనులకు వచ్చారట. జీతం, ఇల్లు, ఆసుపత్రి అన్నీ గనివే. ఎక్కడో పరదేశంలో రాగి ధర పడిపోయిందంటూ చాట అంచు మీద ఒక్కటి తట్టాడు. గింజలన్నీ వాకిట్లో పడ్డాయి.

గింజ నేలపాలైతే మా నానమ్మ ఊరుకునే మనిషి కాదు. "గట్ల పారబోస్తరా! బుద్ధుందా నీకు?" అని లేచింది. ఆయన నొచ్చుకోకుండా ఒక్కో గింజా ఏరి కళ్లకద్దుకున్నాడు. "గింజలకే గింత కోపమొచ్చె గదమ్మా. మా దిక్కు మనుషులే గిట్ల పడ్డరు" అన్నాడు.

నానమ్మ అరుగు మీదున్న తాతయ్య వైపు తిరిగింది.

"ఇన్నవా? రోడ్డు పక్కది అమ్ముకో. బాయికాడి ఎకరం జోలికి మాత్రం పోకు."

మర్నాడు తాతయ్య ఆ ఎకరం మినహా మిగతాది రాసిచ్చాడు. 'ధర పడితే మనుషులు పడతారు' అని నేను రాసిన వాక్యాన్ని మా పంతులు కొట్టేశాడు. కొన్నేళ్లకు ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది, నాన్న మళ్లీ నాగలి పట్టాడు. ఆ ఎకరంతో మేం కలవాళ్లం కాలేదు గానీ పస్తులు మాత్రం ఉండలేదు.

ఆ ఎకరం ఇప్పుడు నా పేర ఉంది. అమ్ముదామని నా కొడుకు ఏడాదిగా పోరు పెడుతున్నాడు. మొన్న తెల్లాపూర్‌లో వాళ్ల ఫ్లాటుకు వెళ్లి, పళ్లెంలో గింజలు పోసి మనవరాలితో అదే ఆట ఆడించాను. అందరి గింజలూ ఒకే కంప్యూటర్ కంపెనీ దగ్గర కుప్పపడ్డాయి. కొడుకు ఫోను పక్కనపెట్టి చూస్తున్నాడు. పళ్లెం అంచు మీద చెయ్యి పెట్టాను గానీ తట్టడానికి మనసొప్పలేదు. ఒక్క గింజ తీసి దూరంగా పెట్టాను.

"ఇదేంది నానమ్మా?" అంది పిల్ల.

"మీ నాయన్నడుగు" అన్నాను.