పిన్ని పేరు మీద నా ఫొటో

పిన్ని పోయిందని అరకు నుంచి బాబాయి ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆమెతో మాట మానేసి చాన్నాళ్లయింది. ఇక నిలదీయడానికి మనిషే లేదన్న కోపం ముందొచ్చింది.

ఆమె మా అమ్మ చెల్లెలు. అరకులో చిన్న ఫొటో స్టూడియో నడిపేది. కెమెరా చేతికివ్వక ముందే నాకు లైటు చూడటం నేర్పింది. ఎల్ఈడీ కొనేటప్పుడు డబ్బా మీది వాట్లు చూసి మోసపోవద్దనేది. షాపులోనే వెలిగించి కింద అరచెయ్యి పెట్టాలి. చెయ్యి పాలిపోయినట్టుంటే ఆ లైటు మనుషుల ఫొటోలకి పనికిరాదు. ఫోన్ కెమెరాలో నల్లటి చారలు పాకితే, కంటికి తెలియకుండా మిణుకుతున్నట్టే. "లైటు మొకం మీద కొట్టకే, పక్కనుంచి రానీ," అనేది. వేడి లాగేస్తుందని ఎల్ఈడీ పట్టీలు అల్యూమినియం రేకుకి అంటించి, వెలుగు మెత్తబడాలని ముందు బటర్ పేపరు కట్టి, ఇద్దరం ఒక లైటు చేసుకున్నాం.

ఆ లైటుతోనే, మా అమ్మ సామలు చెరుగుతుంటే ఫొటో తీశాను. లైటు అమ్మ వెనక, కాస్త పక్కగా పెట్టాను. చేటలోంచి లేచిన పొట్టులో ఒక్కో నలుసూ విడిగా వెలిగింది. పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. ఇలాంటిది తనెప్పుడూ తియ్యలేదంది.

తర్వాత ఒక పెళ్లి ఫొటోలకని రిసార్టుకి వెళ్లాను. భోజనాల హాల్లో గోడ నిండా అమ్మ. కింద పిన్ని పేరు.

అడిగితే కాదనలేదు. లెన్సు తుడుచుకుంటూనే అంది: "నీ పేరేత్తే ఎవులు సూత్తారే గుంటా? నా పేరుందనే గోడెక్కింది."

ఆ రోజే స్టూడియో మానేసి పాడేరు పోయాను.

చివరి చూపుకొచ్చిన వాళ్లంతా ఆ ఫొటో గురించే చెప్పుకున్నారు. వినలేక, అది నేను తీసిందని బాబాయితో చెప్పాను. ఆయన తల దించుకున్నారు.

"తెలుసమ్మా. మీ అమ్మకీ తెలుసు."

అమ్మ చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు.

ఏ గదిలోకి వెళ్లినా వెలుగు ఎటు నుంచి వస్తుందో నా కళ్లు ఇప్పటికీ ముందు వెతుకుతాయి. ఆ చూపు పిన్ని ఇచ్చిందే. అది ఇచ్చిన మనిషే నా పేరు తీసేసింది. ఈ రెండూ నాలో కలవడం లేదు.

కొండవాలులో ఆమెను మట్టి చేసి దిగుతుంటే దారి జారుడుగా ఉంది. అమ్మ నా భుజం పట్టుకుంది. నేను వదిలించుకోలేదు. కింద లోయలో మబ్బు చీలి, పూతకొచ్చిన ఒక్క వలిసె చేను మీదే ఎండ పడింది. చుట్టూ అంతా బూడిద రంగు, ఆ ఒక్క మడీ పసుప్పచ్చగా వెలుగుతోంది. ఇద్దరం ఆగిపోయాం. మబ్బు మళ్లీ మూసుకునేదాకా అక్కడే నిలబడ్డాం.