జవొత్ నోరు మూసుకున్న వారం

సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఆ పల్లెలో ప్రతివాడికీ రెండు పేర్లు. ఒకటి జ్ఞానస్నానంలో ఫాదర్ పెట్టేది, రెండోది చాకలి జవొత్ పెట్టేది. నిలిచేది రెండోదే. మనిషి బట్ట చూసి పెట్టేది ఆవిడ. ఎర్రకోట్ల ఇంగ్లీషు సిపాయిలు "ఉడికిన పీతలు". బూడిదరంగు అంగీల సన్యాసులు "పొయ్యికాడి పిల్లులు". నల్ల అంగీ ఫాదర్ లకాస్ "కాకి".

వినీ వినీ ఫాదర్‌కు ఒళ్ళు మండింది. "ఇంకొక్క పేరు నీ నోట్లోంచి వచ్చిందా, గుడి బట్టలు వేరేవాళ్ళకిస్తాను" అన్నాడు.

ఆ గుడ్డలు జవొత్ అమ్మ ఉతికింది, అమ్మమ్మ ఉతికింది. అవి పోతే ఊళ్ళో తలెత్తుకోలేదు. పాపం, నోరు కుట్టేసుకుంది.

ఆ నోటితోనే ఆవిడ బట్టలు వేరుచేస్తుందని ఫాదర్‌కేం తెలుసు? "పీత ఇటు, కాకి అటు" అని పాడుకుంటూ గంగాళాల్లోకి విసరడం అలవాటు. గుడి ఊరేగింపు జరిగే సత్ప్రసాద పండుగ ముందురోజు మాత్రం పెదాలు బిగించి విసిరింది. వేడి బూడిదనీళ్ళలోంచి ఫాదర్ తెల్ల పైఅంగీ తీస్తే, వెనకే ఒక సిపాయి కోటు తేలింది. ఆ గుడికి ఉన్నది ఆ ఒక్క పైఅంగీయే.

మర్నాడు ఊరేగింపులో ఫాదర్ లేత గులాబీ రంగులో నడిచాడు. జనం కీర్తన పాడుతూనే జవొత్ వైపు తిరిగారు. పేరు ఆవిడ నాలుక చివరే ఉంది. ఆవిడ పెదవి కొరుక్కుని నేల చూసింది.

ఊరేగింపు అయ్యాక ఫాదర్ నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చాడు.

"ఏం పేరు పెట్టావు?"

"ఏం పెట్టలేదు ఫాదర్ గారూ. మీరు వద్దన్నారుగా. పేర్లు పలుకుతూ వేసుంటే ఆ కోటు అందులో పడేదే కాదు."

"అయితే తప్పు నాదంటావు."

"నేనేమీ అనలేదు. నాకు నోరెక్కడిది?"

ఫాదర్ తన అంగీ గులాబీ చేతుల వంక చూసుకున్నాడు. "పొద్దున్నించి ఊరంతా నీ మొహమే చూస్తోంది. అదేదో చెప్పెయ్, నేనూ వింటాను."

"ఉడికిన కాకి" అంది జవొత్ మెల్లగా.

ఆయన మొహం బిగిసింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. మూడు రోజులు జవొత్‌కు తిండి సయించలేదు, తన నోటిని తనే తిట్టుకుంది.

సోమవారం పొద్దున గంటలు కొట్టే ముసలాయన గుడి మూట తెచ్చి గుమ్మంలో దించాడు.

"ఉడికిన కాకి బట్టలు" అన్నాడు. "అలాగే చెప్పమన్నారు. పేర్లు పలుకుతూనే ఉతకమన్నారు."