చివరిసారి ప్రాణాలతో చూసిందెవరు?

మీరు రోజూ సాయంత్రం ఏడున్నరకి ఒక ఆడపిల్ల శవాన్ని ఎదురుగా పెట్టుకుని ఇడ్లీ తింటారు. ఆ సీరియల్ చూస్తూ ఆరేళ్ళుగా తింటున్నారు. ఆ పిల్ల పేరేమిటని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. ఇన్‌స్పెక్టరమ్మ ఏ రోజు ఏ రంగు చీర కట్టిందో చెప్పగలరు. ఆవిడ అత్తగారి కమ్మలు ఏ డిజైనో చెప్పగలరు. చచ్చిపోయిన పిల్ల పేరు చెప్పలేరు. కోపం వచ్చిందా? రానివ్వండి. అందుకే రాస్తున్నాను.

ఆ పేరు గుర్తుపెట్టుకున్న ప్రేక్షకుడు నాకు తెలిసి ఒక్కరే ఉండేవారు. మా పక్కింటి రైటర్ గారు. ఆయన పోయిన నెలలో పోయారు.

సత్యనారాయణపురంలో మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ రోజు పొద్దున్నే గోడ అవతల నుంచి పిన్నిగారు, అంటే ఆయన భార్య, పిలిచారు. "బాబూ, ఒక్కసారి ఇటొచ్చిపో. మీ బాబాయిగారు కాఫీ తాగకుండా కూర్చున్నారు." గోడ దాటి వెళ్ళాను. కాఫీ మీద మీగడ కట్టేసింది. ఆయన వాలుకుర్చీలో టీవీ వైపు తిరిగి ఉన్నారు. టీవీ కట్టేసి ఉంది. ఒళ్ళో పొడుగు నోటుబుక్కు, చొక్కా జేబులో మూత పెట్టిన పెన్ను. పిన్నిగారికి అప్పటికే తెలుసు. తెలియనట్టు నన్ను పిలిచారు, అంతే.

రైటర్ అంటే కథలు రాసేవారు కాదు. పోలీస్ స్టేషన్లో రైటర్. ఫిర్యాదు రాసేది, పంచనామా రాసేది, దర్యాప్తు అధికారి పేరున కేస్ డైరీ రాసేది ఆయనే. ముత్యాల్లాంటి అక్షరాలు. రిటైరయ్యాక కూడా ఆ పేరు పోలేదు. వీధిలో కొళాయి రిపేరుకి అర్జీ కావాలన్నా, అద్దె కాగితం కావాలన్నా ఆయన అరుగు దగ్గరికే వెళ్ళేవాళ్ళం.

నేనేమో పత్రికలకి వ్యాసాలు రాస్తాను, సభల్లో గొంతు చించుకుంటాను. నన్ను చూసి నవ్వేవారు. "నువ్వూ రాస్తావు, నేనూ రాశానయ్యా. నువ్వు రాసింది ఎవడూ నమ్మడు. నేను రాసింది కోర్టు నమ్మేది. నీకు నిద్ర పడుతుంది." చివరి మాట ఎందుకన్నారో నేను పట్టించుకోలేదు. వేళాకోళం అనుకున్నాను.

ఆ సీరియల్ మొదలైన రోజు నాకు గుర్తుంది, ఎందుకంటే ఆ రోజే మేమిద్దరం దాని మీద కొట్లాడుకున్నాం. మొదటి ఎపిసోడ్‌లోనే శ్రావణి అనే పిల్లని ఎవరో వంతెన మీంచి తోసేస్తారు. "ఆడపిల్ల చావుతో వ్యాపారం మొదలెట్టారు, మీరు దానికి తాంబూలం పుచ్చుకుని కూర్చున్నారు" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "ఉండవయ్యా. కేసు కట్టారు. చూద్దాం, ఏం చేస్తారో" అన్నారు. అప్పటికే నోటుబుక్కు తెరిచి, గీతలు కొట్టి, తేదీ వేసి ఉంది. సీరియల్‌కి కేస్ డైరీ!

వెక్కిరించాను. కానీ చదివాక మానేశాను. ఒక రోజుది చూడండి: "ఈ దినం ఇన్‌స్పెక్టర్ గారు పట్టుచీరతో ఘటనా స్థలమునకు వెళ్ళినారు. సాక్ష్యము ఏదియు సేకరించలేదు. రోదించినారు. తిరిగి వచ్చినారు." ఇంకో రోజుది: "అనుమానితుని ముఖము మూడుసార్లు చూపినారు. మూడుసార్లును ఉరుములు. విచారణ లేదు." మరో రోజు: "ఇన్‌స్పెక్టర్ గారి సీమంతము. మృతురాలి ప్రస్తావన లేదు." ఆ సీమంతం రెండు నెలలు నడిచింది. రెండు నెలలూ ఆయన రోజుకో పేజీ కేటాయించి అదే వాక్యం రాశారు. మృతురాలి ప్రస్తావన లేదు. మృతురాలి ప్రస్తావన లేదు.

"విసుగు రాదా బాబాయిగారూ?"

"విసుగు కాదు, ఒళ్ళు మండుద్ది. వీళ్ళు ఒక్కటంటే ఒక్కటి అడగట్లేదయ్యా. శవపంచనామాలో ఒక గడి ఉంటది. మృతురాలిని చివరిసారి ప్రాణాలతో చూసినవారు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. అది నింపకుండా మిగతావన్నీ ఎంత అందంగా నింపినా అది కథే, కేసు కాదు. ఇన్నేళ్ళబట్టీ ఒక్కడూ ఆ ప్రశ్న వెయ్యలా."

ఆ సంగతి చానల్‌కి ఉత్తరం రాశారు. ఒకటి కాదు. 'అయ్యా, తమరి ధారావాహికలో' అని మొదలెట్టి, పద్ధతిగా, పాయింట్ల వారీగా. జవాబు రాలేదు. దానికి బదులు ఒక పోటీ వచ్చింది. హంతకుడెవరో కనిపెట్టి మెసేజ్ చెయ్యండి, మంగళగిరి పట్టుచీర గెలుచుకోండి! పిన్నిగారు సరదాపడి ఎవరిదో పేరు పంపారు. చీర కూడా వచ్చింది, వంకాయ రంగుది, జరీ అంచు. ఆయన ఆ అట్టపెట్టె వైపు చూసి, "ఎవరి పేరు రాశావు?" అన్నారు.

"వాళ్ళ మామయ్య పేరండీ. మొహం చూస్తేనే తెలియట్లా?"

"సాక్ష్యం?"

"సాక్ష్యం ఏంటండీ, చీరకి!"

ఆ చీర పిన్నిగారు ఇంతవరకు కట్టుకోలేదు. వద్దని ఆయన అనలేదు. ఆవిడే కట్టుకోలేకపోయారు.

ఇంకో అలవాటు చెప్పాలి. ప్రతి సోమవారం ఆయన బస్సెక్కి కంకిపాడు వెళ్ళి కూరగాయలు తెచ్చేవారు. మా ఇంటికి నాలుగడుగుల్లో రైతుబజారు ఉంది. పిన్నిగారు గోడ మీంచి నాకు ఫిర్యాదు చేసేవారు: "చూడు బాబూ, అంత దూరం పోయి పుచ్చు వంకాయలు మోసుకొస్తారు. ఏరుకోవడం కూడా రాదు ఈయనకి. ఏ పోలీసాయనన్నా వంకాయ చేతిలో మోసపోతాడా?" ఆయన నవ్వేసి కత్తిపీట ముందేసుకునేవారు. పుచ్చు ఉన్నంత మేర కోసేసి, మిగతాది శ్రద్ధగా తరిగి ఇచ్చేవారు.

ఇక అసలు సాయంత్రం. ఆయన పోవడానికి పదిహేను రోజుల ముందు. ఆరేళ్ళలో మొదటిసారి, ఏడున్నర దాటి పది నిమిషాలకే పక్కింట్లో టీవీ ఆగిపోయింది. కరెంటు పోయిందా అని చూశాను, ఉంది. గోడ దాటాను.

సీరియల్లో శ్రావణి తిరిగొచ్చిందట. చావలేదట. చచ్చింది వేరే ఎవరో. ఈవిడ ముఖం మార్పించుకుని ఇన్నాళ్ళూ ఆ ఇంట్లోనే వంటమనిషిగా ఉందట. పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటున్నారు, సంతోషంతో. "పోనీలే తల్లీ, బతికుంది. నేను రోజూ దణ్ణం పెట్టుకున్నా." మీరూ ఆ రోజు కళ్ళు తుడుచుకునే ఉంటారు. వీధిలో రెండు మూడిళ్ళలోంచి చప్పట్లు నేనే విన్నాను.

రైటర్ గారు రిమోట్ నోటుబుక్కు మీద పెట్టారు. "ఈ పిల్ల బతికుంటే," అన్నారు, "వంతెన కింద దొరికింది ఎవరు? పోస్టుమార్టంలో కోసింది ఎవరిని? కాల్చింది ఎవరిని? ఆ రెండో పిల్లకి అమ్మ లేదా? ఒక్కడన్నా అడిగాడా? కేకు కోస్తన్నారయ్యా అక్కడ. కేకు!"

ఇది చదువుతున్న మీకు ఆ ప్రశ్న తట్టిందా? నాకు తట్టలేదు. నేనింకా చిరునవ్వుతోనే నిలబడి ఉన్నాను. 'చూశారా, నేను ముందే చెప్పాను' అనే నవ్వు.

అప్పుడు చెప్పారు. ముప్ఫై ఏళ్ళ పైమాట. డెల్టాలో ఒక చిన్న స్టేషన్. కాలువకి నీళ్ళాపే లాకుల దగ్గర ఒక పిల్ల శవం తేలింది. బియ్యం మిల్లులో పని చేసేది. బట్టలు ఉతకడానికి వెళ్ళి కాలు జారిందన్నారు. ఆ పిల్ల చెల్లెలు, పన్నెండేళ్ళది, స్టేషన్‌కొచ్చి, ముందు రోజు సాయంత్రం అక్కని జీపులో ఎక్కించుకుపోయింది ఎవరో పేరుతో సహా చెప్పింది. ఈయన రాయబోయారు. ఎస్సై టేబుల్ మీద పెన్సిల్‌తో కొడుతూ, "తెలియదు అని రాయవయ్యా, గడి నిండుద్ది" అన్నాడు.

"రాశాను. 'తెలియదు'. గుండ్రంగా, కొట్టివేత లేకుండా. కింద ఆ చెల్లెలి చేత వేలిముద్ర వేయించాం. కోర్టు నమ్మింది. నా చేతిరాత బాగుంటది గదా." మళ్ళీ అన్నారు: "ఎవడో ఒకడు, టీవీలో అన్నా సరే, ఆ ప్రశ్న అడిగితే వినాలని ఉండేదయ్యా. జవాబు కూడా అక్కర్లా. అడగడం వినాలని."

నేనేం చేశాను? ఉపన్యాసం ఇచ్చాను. వ్యవస్థ గురించి, మిల్లు యజమానుల గురించి, ఖాకీ బట్టకీ డబ్బున్నవాడికీ ఉన్న చుట్టరికం గురించి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇప్పటికీ ఆ మాటలకి కట్టుబడే ఉన్నాను. ఆయన చివరిదాకా విన్నారు. విని, "బాగా చెప్పావు. ఆ పిల్ల పేరు అడగలేదేం?" అన్నారు.

ఎనిమిదింటికి నాకు మీటింగు ఉంది. స్త్రీల మీద హింస గురించే. వెళ్ళిపోయాను. మళ్ళీ రేపు అడుగుదాం అనుకున్నాను. ఆ రేపు పదిహేనుసార్లు వచ్చింది, ఒక్కసారీ అడగలేదు. మొదటి పేరాలో మిమ్మల్ని అన్న మాటలు ముందు నాకే తగులుతాయి. అయినా వెనక్కి తీసుకోను.

పెద్దకర్మ అయ్యాక పిన్నిగారు నోటుబుక్కుల కట్ట గోడ మీద పెట్టారు. "నువ్వే ఉంచుకో బాబూ, నాకు తెరవాలంటే చేతులాడట్లేదు." ప్రతి పేజీ పైనా 'మృతురాలి పేరు' అని ఒక వరుస. అదివరకు చదివినప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. మొదటి బుక్కుల్లో అక్కడ శ్రావణి. ఆ సీమంతం రోజుల నాటి బుక్కులో ఒక పేజీలో ఆ పేరు సగం రాసి ఆపారు. దాని పక్కన ఇంకో పేరు ఉంది. నాంచారమ్మ, వయసు పంతొమ్మిది. మర్నాటి నుంచి రోజూ అదే. సీరియల్ సంగతులన్నీ కింద మామూలుగా ఉన్నాయి, చీరలు, ఉరుములు, అత్తగారు. పైన మాత్రం నాంచారమ్మ. నాలుగేళ్ళు. పోలీసు కాగితం మీద పొరపాటు రాయని మనిషి ఇది పొరపాటున రాయలేదు.

ఆఖరి పేజీ, పోయిన పొద్దున ఆయన ఒళ్ళో ఉన్న బుక్కులోది. ఆ పేజీలో సీరియల్ లేదు. నాంచారమ్మ, పంతొమ్మిది. చివరిసారి ప్రాణాలతో చూసినవారు. ఆ తర్వాత పెన్ను ఆనించి ఎత్తిన చుక్కలు. అయిదారు చుక్కలు. పేరు లేదు.

పక్కనున్న రైతుబజారు వదిలి ఆయన అంత దూరం ఎందుకు వెళ్ళేవారో అప్పుడు తట్టింది. సోమవారం నేను కంకిపాడు బస్సెక్కాను. వెతకాల్సిన పని లేకపోయింది. మార్కెట్ చివర, గోనెపట్టా నీడలో, పుచ్చు వంకాయలున్న బుట్ట ఒక్కటే. ఆమెకి యాభై దాటకపోవచ్చు, జుట్టంతా నెరిసింది. రైటర్ గారు పోయారని చెప్పాను.

"అట్నా. అందుకే రావట్లా," అంది. తక్కెడ కింద పెట్టింది. "నాకు తెలుసయ్యా ఆయనెవరో. మొదటిసారి వచ్చినప్పుడే తెలుసు. ఏ పూటా మాట్లాడలా. ఏరకుండా తీసుకుపోయేవాడు. నేనూ మంచివి ఇవ్వలా."

"పుచ్చువి కావాలనే ఇచ్చేదానివా?"

"మరేం చెయ్యమంటావు? ఆనాడు స్టేషన్లో అక్క సంగతి నేను చెప్తంటే రాసుకున్నాడు. ఏం రాశాడో నాకు చదివి వినిపించలా."

సంచిలోంచి నా నోటుబుక్కు తీశాను. ఆమె దాని వైపు చూసి, నా వైపు చూసి, "నువ్వూ రాసుకుంటావా?" అంది. "రాసుకో. కానీ చదివి వినిపించు." చెప్పింది. రాశాను. ఆ వంకాయల ముందు కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "జీపు తెల్లది కాదు, బూడిద రంగు" అని దిద్దించింది.

రైటర్ గారిని మంచివారని రాయడానికి ఈ వ్యాసం మొదలెట్టాను. అరుగు మీద ఎంతమందికి అర్జీలు రాసిపెట్టారో రాద్దామనుకున్నాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. కానీ ఆయన్ని మంచివారనే అధికారం నాకు లేదు, ఆ బుట్ట వెనకున్న మనిషికి ఉంది. ఆవిడ ఇంకా ఏమీ అనలేదు. కాబట్టి కన్నీళ్ళు పక్కన పెట్టి, డిమాండ్లు రాస్తున్నాను.

ఒకటి. ఆ సీరియల్ తీసేవాళ్ళు వంతెన కింద దొరికిన రెండో పిల్లకి పేరు పెట్టాలి. ఆమెకొక అమ్మని చూపించాలి.

రెండు. చచ్చినవాళ్ళ మీద పోటీలు పెట్టడం, చీరలు పంచడం మానాలి.

మూడు. మీరు రేపు ఏడున్నరకి టీవీ పెడితే, ఆ పిల్లని చివరిసారి ప్రాణాలతో చూసిందెవరని మీ ఇంట్లో గట్టిగా అడగాలి. పిల్లలు వినేటట్టు.

నాలుగు. కాలువ లాకుల దగ్గర దొరికిన నాంచారమ్మ కేసు మళ్ళీ తెరవాలి. 'తెలియదు' అన్న మాట కొట్టేయాలి. చెల్లెలి వాంగ్మూలం నా దగ్గర ఉంది, ఎవరడిగినా ఇస్తాను.

అయిదు. అక్కడితో సరిపెట్టకూడదు. అధికారి ఎవరైనా సరే, స్వయంగా వెళ్ళి ఆమె చెప్పింది రాసుకోవాలి. సోమవారం సోమవారం కంకిపాడు మార్కెట్ చివర, గోనెపట్టా కింద ఉంటుంది.

ఆరు. రాసింది ఆమెకి చదివి వినిపించాలి.