పది కుంచాల ఇసుక, అయిదు గుండ్లు

నా చిన్నప్పుడు మా ఊరి సరుగుడు తోపు వెనక, ఇసుక దిబ్బ దగ్గర జరిగిన ఒక సంగతిని ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి కారణం ఉంది. మొన్న గ్రంథాలయంలో పేపరు చదువుతుంటే, పిస్తోలు పోటీలో పతకం గెలిచిన ఒక అమ్మాయి ఫొటో కనిపించింది. పక్కన కూర్చున్న కుర్రాడు దాన్ని చూసి, "ఇట్టాంటివి మన సముద్రం పక్కోళ్ళకి యాడొస్తాయి పెద్దమ్మా" అన్నాడు. వస్తాయి నాయనా అని చెప్పబోయి ఆగాను. నోటితో చెబితే కథ అనుకుంటాడు. అదీగాక, ఆ సంగతిలో ఒక లెక్క ఉంది. కోత మిషన్లు వచ్చి, వడ్లు కళ్ళంలోనే బస్తాలకెత్తి కాటా వేయడం మొదలయ్యాక ఆ లెక్క మా వైపు వినపడటం లేదు. బడిలో నేను చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయం బల్లల మీద నాకు నేనే చదువుకున్నది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట వైపు ఊరు. ఊరికి ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క సరుగుడు తోపులు, అవి దాటితే సముద్రం. మా అమ్మకు ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. తమ్ముడు, అంటే మా మామ, సాయుధ పోలీసుల్లో పనిచేసేవాడు. చెల్లెలు, అంటే మా పిన్ని, అన్నను చూసి తానూ పోలీసు పరీక్షలు రాసి నెగ్గింది. మా ఊళ్ళో ఆడపిల్ల ఖాకీ వేయడం అదే మొదలు. బంధువుల్లో సగం మంది మా తాతయ్యతో మాట్లాడటం తగ్గించారు. మిగతా సగం మంది ఎప్పుడు తిరిగొస్తుందా అని చూస్తూ కూర్చున్నారు.

వాళ్ళు కోరుకున్నట్టే అయ్యేలా ఉంది ఆ ఎండాకాలం. శిక్షణలో పిన్ని అన్నిట్లో ముందుంది గానీ, పిస్తోలు పరీక్ష దగ్గర తప్పింది. గురిని దగ్గర నుంచి మొదలుపెట్టి, మళ్ళీ మళ్ళీ వెనక్కి జరుగుతూ కాల్చాలి. ప్రతి దూరానికీ అయిదు గుండ్లు, అన్నిటికీ ఒకటే గడువు. దగ్గరున్నప్పుడు అన్నీ తగిలేవి, చివరి దూరంలో అన్నీ తప్పేవి. ఇంకొక్కసారి అవకాశం ఇచ్చి, సెలవు మీద ఇంటికి పంపారు. ఈసారి తప్పితే ఉద్యోగం ఉండదు.

మామ కూడా సెలవు పెట్టి వచ్చాడు. వస్తూ ఒక గాలి పిస్తోలు తెచ్చాడు. అందులో మందుగుండు ఉండదు. గొట్టం వంచి, చిన్న సీసపు గుండు పెట్టి, మళ్ళీ బిగించి కాల్చాలి. ప్రతి గుండుకూ ఈ తతంగం అంతా ఉంటుంది. "తుపాకీ వేరైనా చెయ్యి నీదేగదమ్మే" అన్నాడు మామ. ఇసుక నింపిన గోతాన్ని దిబ్బకు ఆనించి, దాని మీద పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి కట్టి, బొగ్గుతో అరచేయంత చుక్క పెట్టాడు. అక్కడి నుంచి గజాలు కొలుచుకుంటూ వచ్చి మూడు చోట్ల తాటి మట్టలు పాతాడు. సముద్రపు గాలి లేవకముందే, పొద్దున్నే మొదలుపెట్టేవాళ్ళు. పిన్ని పిస్తోలు కింద పెట్టి రెండడుగులు వెనక్కి వచ్చిందాకా మమ్మల్నెవర్నీ కదలనిచ్చేవాడు కాదు మామ. ఆ విషయంలో కన్నతండ్రిని కూడా గదమాయించాడు.

గడువు నలభై సెకన్లు. మామ చేతిగడియారం చూస్తూ నలభై దాకా పైకి లెక్కబెట్టేవాడు. మొదటి మట్ట దగ్గర పిన్ని చెయ్యి చూడముచ్చటగా ఉండేది. ఆమె భుజం నుంచి వేలి దాకా ఒక గీత గీసినట్టుండేది. రెండో మట్ట దగ్గర కూడా ఒకటో రెండో తప్ప అన్నీ చుక్కలోనే. మూడో మట్ట దగ్గరికి వెళ్ళేసరికి ఆమె వేరే మనిషి. మామ అంకెలు ఇరవై దాటగానే గబగబా గుండు పెట్టడం, గబగబా కాల్చడం, ఇంకా లెక్క మిగిలుండగానే అయిదూ అయిపోవడం. కాగితం మీద బొగ్గు చెక్కుచెదరకుండా ఉండేది.

"ఇంకా టైం ఉంది గదమ్మే. ఎవరు తరుముతుండారు నిన్ను?"

"నీకేం అన్నా, గడియారం చేతికి కట్టుకున్నోడివి. నువ్వు అంకె చెప్తాంటే నాకు వీపు మీద కర్ర పడినట్టుంది."

"కొంగలన్నీ మనూరికే వస్తాయి ఇంక. ఇంత భద్రమైన చోటు ఇంకేడుంది వాటికి" అన్నాడు తాతయ్య గట్టు మీద నుంచి. పిన్ని నవ్వలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ సాయంత్రం పెరట్లో ఒక వింత చూశాను. మా తాతయ్య ఇసుక కుప్ప ముందు గొంతుక్కూర్చుని, వడ్లు కొలిచే కుంచంతో ఇసుక కొలుస్తున్నాడు. మామ గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కళ్ళంలో వడ్లు కొలవాలంటే ఊరంతా మా తాతయ్యనే పిలిచేవాళ్ళు. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మావాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. కుంచం నిండేదాకా ఆ మాటనే సాగదీస్తూ ఉంటారు, లెక్క తప్పకుండా. "లాభం... లాభమో లాభం... రెండు... రెండో రెండు..." తాతయ్య గొంతులో ఆ లెక్క వింటుంటే ఎవరికైనా నిద్ర ముంచుకొచ్చేది. పది కుంచాలు కాగానే మామ గడియారం నాకు చూపించి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. సెకన్ల ముల్లు సరిగ్గా నలభై దగ్గర ఉంది.

మర్నాడు పొద్దున పిన్నిని మూడో మట్ట దగ్గర నిలబెట్టి మామ అన్నాడు, "నలభై నీకు చాలడం లేదులే. ఈ రోజుకు గడువు పెంచుతుండా. నాయన పది కుంచాలు కొలిచిందాకా నీదే టైం. రెండు కుంచాలకు ఒక గుండు."

"కుంచమెందుకు నాయినా, ఊరికే చెప్పగూడదా?" అంది పిన్ని.

"చేతిలో కుంచం లేకపోతే నాకు లెక్క రాదు తల్లీ. నువ్వు నీ పని చూసుకో, నేను నా పని చూసుకుంటా."

తాతయ్య వెనక కూర్చుని మొదలుపెట్టాడు. లాభం... లాభమో లాభం... పిన్ని భుజాలు దిగడం నాకు కనిపించింది. ఆమె గొంతుకలోంచి ఒక పెద్ద ఊపిరి బయటికొచ్చింది. గుండు పెట్టింది, గొట్టం బిగించింది, చెయ్యి చాపింది, ఆగింది. ఆ ఆగడం అంతకుముందు ఆ దూరంలో ఎప్పుడూ లేదు. ఇసుక జారే చప్పుడు, తాతయ్య పాట, మధ్యలో టప్పున పిస్తోలు. తొమ్మిదో కుంచం నిండుతుండగా అయిదో గుండు పేలింది.

పిస్తోలు కింద పెట్టాక మామ వెళ్ళి కాగితం విప్పి తెచ్చాడు. నాలుగు చుక్కలో ఉన్నాయి. అయిదోది అంచును గీరింది. పిన్ని కాగితం పట్టుకుని, "ఎంత పెంచినావు అన్నా, రెట్టింపా?" అని అడిగింది. మామ గడియారం ఆమె ముందు పెట్టాడు. తర్వాత నా వైపు చూశాడు. "నలభయ్యే పిన్నీ" అన్నాను నేను.

మేమందరం నవ్వుతుందనుకున్నాం. ఆమెకు కోపం వచ్చింది. "నన్ను చిన్నపిల్లని చేసి ఆడించినారా ఇద్దరూ? రేపు పరీక్షలో నాయినొచ్చి నా వెనకాల కుంచం పట్టుకుని కూర్చుంటాడా?" అని కాగితం ఇసుకలో పడేసింది. తాతయ్య కుంచం బోర్లించి దాని అడుగు తుడుచుకుంటున్నాడు.

కాసేపటికి పిన్నే వంగి ఆ కాగితం తీసుకుంది. అందులోని కన్నాల్లోంచి సముద్రం వైపు చూసింది. "సరే, ఇప్పుడు తెలిసింది గదా. తెలిసే కాలుస్తా. నాయినా, నువ్వు ఊరుకో. అన్నా, నువ్వే చెప్పు, నీ పాడు అంకెలే చెప్పు" అని కొత్త కాగితం కట్టించింది. మామ ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. ఈసారి అంకెలు ఇరవై దాటినా ఆమె చెయ్యి వాటిని పట్టించుకోలేదు. పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. లోపల తన కుంచాలు తాను కొలుచుకుంటోంది. మూడు తగిలాయి. మళ్ళీ కట్టించింది, మళ్ళీ కాల్చింది. ఎండ చురుక్కుమనే వేళకు అయిదూ చుక్కలో పడ్డాయి. అప్పుడు తాటి మట్ట పెరికి, తనంతట తానే ఇంకో అయిదు గజాలు వెనక్కి తీసుకెళ్ళి పాతింది. మామ వద్దన్నా వినలేదు. అలా మట్ట చంకలో పెట్టుకుని ఇసుకలో వెనక్కి నడిచిన మనిషిని నేను మళ్ళీ ఏ పుస్తకంలోనూ చూడలేదు.

పరీక్ష నెగ్గింది. ఉద్యోగం చేసింది, మా జిల్లాలోనే పెద్ద హోదాలో పదవీ విరమణ చేసింది. మాటలు తగ్గించిన బంధువులు ఆమె జీపు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మంచినీళ్ళ చెంబులతో ఎదురొచ్చేవాళ్ళు.

ఆ మధ్య తుఫాను హెచ్చరిక వచ్చి, వెంటనే తుఫాను షెల్టరుకు వెళ్ళే వ్యాను ఎక్కమని మా వీధిలో మైకులో అరిచారు. ఇరుగుపొరుగు పరుగులు పెడుతున్నారు. నేనూ చేతికందింది సంచిలో కుక్కబోయి ఆగాను. గడప దగ్గర నిలబడి, లాభమో లాభం అనుకుంటూ ఒక్కొక్కటే తీసుకున్నాను: మందులు, కళ్ళజోడు, రేషన్ కార్డు, వానకు తడవకుండా సంచిలో చుట్టిన గ్రంథాలయం పుస్తకం. వ్యాను దగ్గరికి వెళితే ఇంకా సగం మంది ఎక్కనే లేదు.

ఈ నాలుగు కాగితాలు అచ్చుతప్పులు లేకుండా దిద్దిన మా గ్రంథాలయం అమ్మాయికి, గజాల లెక్క గుర్తు చేసిన మా మామకు, కుంచాల లెక్కను మాకు వదిలి వెళ్ళిన తాతయ్యకు నా నమస్కారాలు. అందరికంటే ఎక్కువ మా పిన్నికి. నెల్లూరులో ఆమె ఇంటికి వెళ్ళి ఇదంతా చదివి వినిపిస్తే, కళ్ళు మూసుకుని విని, చివర్లో ఒక్కటే అడిగింది. "నేను భయపడినానని రాసినావా?" రాశానన్నాను. "అయితే ఉండనీ. చదివే పిల్లలకు అది తెలియాల" అంది.